అత్తమ్మ లైను, ఆరు గంటల బస్సు

మొన్న సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతున్న మేనత్త, చౌటుప్పల్ రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ వినబడగానే గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది. ఆమె ఉద్యోగం మానేసి ఏళ్లయింది. "యాడికి అత్తమ్మా?" అంటే సిగ్గుపడి నవ్వింది గానీ వెంటనే కూర్చోలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ఆమె ప్యాకింగ్ లైనుకు సూపర్‌వైజరు. నన్ను పనిలో పెట్టించిందీ ఆమే. మేనకోడలినని జాలి చూపిందనుకునేరు, అందరికంటే ఎక్కువ తిట్లు నాకే. బెల్టు మీద వచ్చే డబ్బాలు మడిచేది నేను. లేబులు అంటించేది మేకలున్న ఇంటి నుంచి వచ్చే ఒకామె, నాకు వరసకు వదిన. సీలు మిషన్ దగ్గర హుజూర్‌నగర్ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, చెల్లె అని పిలిచేదాన్ని. బస్సులో కిటికీ సీటు కోసం వాళ్లిద్దరికీ పడిన గొడవ ఫ్యాక్టరీ లోపలిదాకా వచ్చింది. చెల్లె ముందు డబ్బాలు గుట్ట పడుతున్నా వదిన తల తిప్పేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం మేనేజరు వచ్చి, ఆరింటికి లోడు లారీ ఎక్కకపోతే సోమవారం నుంచి మా లైను కాంట్రాక్టు వాళ్లకిచ్చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. సీలు మిషన్ దగ్గర అప్పటికే డబ్బాలు కింద పడుతున్నాయి.

అత్తమ్మ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. వదిన పక్కకు పోయి, "పొద్దుగూకంగ మేకలొస్తయ్ గద, పిల్లలను తల్లుల కాడ ఎవలిడుస్తరు?" అంది.

"నేనే. ఇంకెవలున్నరు?" అంది వదిన.

చెల్లెను, "రేపు చర్చిల నీ పాటున్నదంటివి, ఇయ్యాల ప్రాక్టీసుకు పోవద్దా?" అని అడిగింది. నాకు మర్నాటి ఓపెన్ డిగ్రీ పరీక్ష గుర్తుచేసింది. తర్వాత అందరికీ వినబడేలా, "మన బస్సు అందరెక్కినంకనే కదుల్తది. ఎనకవడ్డది ఒక్కరైనా ఆగేది అందరం" అంది.

వదిన కదల్లేదు. లేబుళ్లు అంటిస్తూనే ఉంది. గడియారం వైపు చూడలేక నేను తల వంచుకున్నాను. కాసేపటికి చప్పుడైతే చూద్దును కదా, వదిన స్టూలు ఈడ్చుకుంటూ చెల్లె దగ్గరికి పోతోంది. "జర జరుగు" అంది, అంతే. లేబుళ్లు కూడా నేనే అందుకున్నాను.

లారీ తలుపులు మూసేసరికి ఆరు కావస్తోంది. బస్సులో ఆ కిటికీ సీటు ఖాళీగానే ఉంది, నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అనుకుంటూ ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆఖరికి వదినే అత్తమ్మను అడిగింది. "మా సంగతులన్నీ అడిగినవ్. మరి నీకేం తొందర అక్కా?"

"ఇంట్ల మా అత్తకు ఫ్లోరైడు నీళ్లతోని కీళ్లన్నీ బిగుసుకపోయినయ్. పొద్దుగాల నేను ఒరగవెట్టిన దిక్కే పొద్దుందాక పంటది. నేను పోయి తిప్పితెనే రెండో దిక్కు."

ఆ ముసలమ్మను నేను ఎన్నోసార్లు చూశాను. ఆమెను తిప్పాల్సిన చేతులు సాయంత్రం దాకా మా లైనులోనే ఉంటాయన్నది మాత్రం అప్పుడే తట్టింది. లైను మాకే మిగిలింది. ఆ తర్వాత డబ్బాలు ఎవరి ముందు ఆగినా పక్కవాళ్ల చేతులు అటు పోయేవి.

ముసలమ్మ ఇప్పుడు లేదు. మొన్న హారన్ దూరమయ్యేదాకా అత్తమ్మ నిలబడే ఉంది. ఇంట్లో ఎదురుచూసే మనుషులను కాలం తీసుకుపోతుంది గానీ, ఇల్లు చేరాలన్న తొందరను మాత్రం మనకే వదిలిపెడుతుంది.