వదినకొచ్చిన సీటు

మా వదిన పోయి ఈ రోజుకి పదమూడు రోజులు. ఆమె పనిచేసిన ఆస్పత్రి నుంచి ఫార్మసిస్టు ఫోన్ చేసినప్పుడు నేను అనంతపురంలో ఇంటర్ పిల్లలకు మందార పువ్వును నిలువుగా కోసి చూపిస్తున్నాను. "డాక్టరమ్మ పోయినారక్కా" అన్నాడతను. నేను సరే అని ఫోన్ పెట్టేసి, అండాశయం గురించి మరో రెండు వాక్యాలు చెప్పి, అప్పుడు కూర్చున్నాను.

తనకల్లు దాటి ఆమె పనిచేసిన పల్లెకు చేరేసరికి ఆమె ఇంటి ముందు నిలబడడానికి చోటు లేదు. శెనక్కాయ చేన్లలో పని ఆపి వచ్చినవాళ్ల చేతులకు మట్టి అలాగే ఉంది. ఏడుపు రావలసిన చోట నాకు ముందు కుళ్లు వచ్చింది. నేను పోతే ఇందులో పదోవంతైనా వస్తారా అనుకున్నాను. ఆమె గురించి నిజం రాయాలంటే నా గురించి కూడా నిజమే రాయాలి గనక ఇది దాచడం లేదు.

ఆమె మా మేనమామ కూతురు. వాళ్లది బుక్కరాయసముద్రం. నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. ఇద్దరం అనంతపురంలో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివాం. నా నోట్సు అచ్చు వేసినట్టుండేది. కప్ప గుండె బొమ్మ నేను ఎరుపూ నీలం పెన్సిళ్లతో గీస్తే ఆమె పక్కన కూర్చుని చూసి గీసుకునేది. ఎంట్రన్సు ఇద్దరం రాశాం. ఆమెకు మెడిసిన్‌లో సీటొచ్చింది, నాకు కొంచెంలో పోయింది. ఆ ఏడు వానలూ పోయాయి. ఇంకో ఏడాది కోచింగు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. "బీఎస్సీలో చేరమ్మా, అదీ చదువే కదా" అన్నాడు నాయన. చేరాను.

ఆమె గొప్పలు పోయే మనిషి అయ్యుంటే నాకు సుఖంగా ఉండేది. అలా కాదు. ఏ పెళ్లిలో కలిసినా నన్ను ముందుకు లాగి, "ఈమె నోట్సు చదివే నాకు సీటొచ్చింది" అని అందరికీ చెప్పేది. విన్నవాళ్లు నా వైపు చూసే చూపు నాకు మంట పెట్టేది. నా పెళ్లిలో తలంబ్రాల వేళకు ఎక్కడో కాన్పు కష్టమైందని కబురొస్తే ఆమె పట్టుచీరతోనే జీపెక్కి వెళ్లిపోయింది. నా పెళ్లి ఫోటోల్లో ఆమె లేదు. అయినా ఆ రోజంతా పందిట్లో మాట్లాడుకున్నది ఆమె గురించే.

ఆమె అలవాట్లన్నీ నాకు నోటికొచ్చు, అసూయపడేవాళ్లు గమనించినంతగా ఎవరూ గమనించరు. ఎవరిని పలకరించినా ముందు గోళ్లు చూసేది, రక్తం ఉందో లేదో అని. అన్నం నిలబడే తినేది. బస్సు కదలకముందే నిద్రపోయేది. "ఎట్లుండావ్ వదినా" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు, "నా సంగతి కాదు, నీకేముందో చెప్పు."

ఇరవై ఏళ్లుగా నేను బైపీసీ పిల్లలకు పాఠం చెప్తున్నాను. మెడిసిన్‌కి వెళ్లొచ్చా మేడమ్ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వద్దనే చెప్పేదాన్ని. పదేళ్ల చదువు, ఆ తర్వాత మీ బతుకు మీది కాదు, నాకు తెలిసిన డాక్టరమ్మ కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు అనేదాన్ని. చెప్పినవన్నీ నిజాలే. నేను వద్దన్నది మాత్రం వాటి కోసం కాదు.

యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఒకమ్మాయి ఊరుకోలేదు. "మీకెట్ల తెలుసు మేడమ్? ఆ డాక్టరమ్మనే అడుగుదాం" అంది. నాకు అది బాగానే తోచింది. వదిన నోటితోనే వద్దనిపించాలని ఒక శనివారం ఆ అమ్మాయిని తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను.

ఆ రోజు పదకొండు గంటలకు ఒకతను వాళ్లమ్మను ఆటోలో తెచ్చాడు. చేన్లో పాము కరిచి చాలాసేపయింది, నడుమ ఎక్కడో మంత్రం వేయించారు. వదిన చేయగలిగిందంతా చేసింది. ముసలామె దక్కలేదు. కొడుకు వదిన మొహం మీదకొచ్చి, "నువ్వేం డాక్టరు? నిన్నీడ ఎవరు కూసోబెట్టింది?" అని అరిచాడు. వదిన చేతులు కట్టుకుని అతను ఆగేదాకా వింది. ఆ తర్వాత అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. మొహం కడుక్కుని వచ్చి, బయట వరసలో ఉన్నవాళ్లను లోపలికి పిలిచింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి, మెడిసిన్‌కి వెళ్లొచ్చా అని అడిగింది. వదిన టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది.

"ఈ పొద్దు చూసినావు కదా పాపా. ఇంకా అడుగుతాండావా?"

"అడుగుతాండా."

"అయితే నన్నడిగేదేముంది, చదువుకో పో."

నాకు ఒళ్లు మండింది. "నీకిప్పుడు మళ్లీ సీటొస్తే చేరతావా వదినా? నిజం చెప్పు" అన్నాను.

ఆమె నోట్లో ముద్ద మింగి చెప్పింది. "మా నాయన పోయినపుడు నేను డ్యూటీలో ఉంటి. నా కొడుకు నాకన్నా వాళ్లవ్వ దగ్గరే ఎక్కువ పెరిగినాడు. అవి ఇంగ తిరిగి రావు. అయినా చేరతా. మనిషి ఆ తలుపులోనుంచి వచ్చేటపుడు ఒక మొగం ఉంటాది, పోయేటపుడు ఇంకో మొగం. ఆ రెండోది చూడాలని ఉంటాది నాకు. అందరికీ మారదులే."

అమ్మాయి చేతులు కడగడానికి పంపు దగ్గరికి వెళ్లింది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "నన్ను చూసి ఎప్పుడన్నా కుళ్లుకున్నావా? నాకు సెలవులుండాయి, సాయంత్రాలుండాయి, పిల్లల దగ్గర ఉండాను."

"లేదే. అబద్ధమెందుకు, ఒక్కసారి గూడా లేదు" అంది. తర్వాత నెమ్మదిగా, "నీకు నా మీద ఉండాదని తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"సీటొచ్చిన రోజు నా నోట్లో చక్కెర పోసినావు. నా మొగం మాత్రం చూడలేదు."

ఆమె డబ్బా మూత పెడుతూ, "నీకొచ్చి నాకు రాకుంటే నేను నీ ఇంటి గడప తొక్కేదాన్ని కాదు. నువ్వు నేను పిలిచినపుడల్లా వచ్చినావు, నేనేం గమనించలేదనుకుంటివా?" అంది.

ఆ అమ్మాయికి సీటొచ్చింది. ఈ ఏడు అనంతపురంలోనే హౌస్ సర్జన్. వదినకు కడుపులో క్యాన్సరని తెలిసి, వైద్యం కోసం మా ఇంట్లో ఉన్న నెలరోజులూ డ్యూటీ అవగానే ఆ పిల్ల వచ్చి కూర్చునేది. ఇద్దరూ రిపోర్టులు ముందేసుకుని వాళ్ల డాక్టరు మాటల్లో మాట్లాడుకునేవారు. గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డ నాకు సగం అర్థమయ్యేది కాదు. నాడి చూడమని వదిన చెయ్యి చాచేది నాకు కాదు, నేను వద్దన్న ఆ పిల్లకు. అప్పుడు కూడా నాకు కుళ్లే. కానీ ఆ పిల్ల నాడి చూస్తున్నంతసేపు వదిన కళ్లు మూసుకుని హాయిగా ఉండేది. అది చూసి గ్లాసు కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

చివరి వారం తన ఆస్పత్రి ఉన్న పల్లెకే పోతానని పట్టుబట్టి వెళ్లింది. ఆస్పత్రి కనిపించే ఇంట్లోనే పోయింది.

మెడిసిన్ గురించి ఇప్పుడు నన్నడిగేవాళ్లకు వద్దనీ చెప్పను, చేరమనీ చెప్పను. ఒక పూట ఏదైనా సర్కారు ఆస్పత్రిలో కూర్చుని రమ్మంటాను. వచ్చి మళ్లీ అడిగితే నా దగ్గరున్న నోట్సంతా ఇచ్చేస్తాను.

అంత్యక్రియల మర్నాడు బస్సుకోసం ఆస్పత్రి ముందు నుంచి నడిచాను. కబురు తెలియని దూరపు ఊళ్ల ఆడవాళ్లు వరండాలో వరసగా కూర్చున్నారు. డాక్టరమ్మ లేరు, ఇంక రారు అని ఫార్మసిస్టు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్తున్నాడు. వాళ్లు విన్నారు. చీటీలు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు. ఎండ వరండా లోపలికి వస్తోంది. అది వచ్చేకొద్దీ వాళ్లు గోడ వైపు కొంచెం కొంచెంగా జరుగుతున్నారు తప్ప ఒక్కరూ లేవలేదు.