మా అన్న దూకిన కేసు, మా ప్లీడరు బాబాయి

మా ప్లీడరు బాబాయి పోయారన్న కబురు నాకు మాచర్ల బస్సు కండక్టరు తెచ్చాడు. గురజాల బడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కిటికీ దగ్గరకు వచ్చి, "టీచరమ్మా, పేటలో మీ ప్లీడరు గారు తెల్లారుజామున పోయారంట. నిద్దట్లోనే పోయారంట. మీ అన్న చెప్పమన్నాడు" అన్నాడు. బయట డ్రైవరు హారను కొడుతుంటే పరిగెత్తి వెళ్లిపోయాడు. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపు కంటే ముందు హమ్మయ్య అనిపించింది. ఆయాసంతో కొన్ని నెలలుగా ఆయన పడుకోలేక, వీపు వెనక దిండ్లు పెట్టుకుని కూర్చునే కునికేవారు. అలాంటి మనిషికి నిద్రలో పోయే అదృష్టం పట్టింది. నరసరావుపేట వెళ్లేసరికి పిన్ని కూడా నా చెయ్యి పట్టుకుని, "పోనీలేమ్మా, కష్టపడకుండా పోయారు" అనే అంది.

బాబాయి అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకే గోడ. మా చిన్నతనంలోనే నాన్న పోతే, ఆ గోడ ఉందన్న ధైర్యంతోనే మా అమ్మ మమ్మల్నిద్దరినీ పెంచింది. అమ్మ ఆయన్ని మరిదీ అనేది, ఆయన వదినా అనేవారు. వదినంటే ఆయనకు భక్తి. వదిన చేసే గారెలంటే ఇంకొంచెం ఎక్కువ భక్తి.

కోర్టుకు వెళ్లే ముందు రోజూ పొద్దున అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవారు. ఆ దారిన పోయేవాళ్లు చెంబు పట్టుకుని, పాల కేను పట్టుకుని, ఎద్దుల్ని తోలుకుంటూ ఆగి ఒక ప్రశ్న అడిగేవాళ్లు. బాబాయి పేపరు దించకుండానే జవాబు చెప్పేవారు. "బాబాయ్, పక్కోడి మేక మా పత్తి చేలో పడింది. కట్టేసుకోవచ్చా?" అంటే, పేపరు వెనక నుంచి, "కట్టేసుకో. మేత పెట్టు. కొయ్యమాక" అని వినబడేది. కక్షిదారు ముఖం కూడా చూడకుండా సలహా ఇచ్చే ప్లీడరు జిల్లా మొత్తంలో ఈయనొక్కరే అని పిన్ని దెప్పేది. "ముఖం చూస్తే ఫీజు అడగాలనిపిస్తది, అందుకే చూడను" అనేవారు.

ఆ అలవాటే ఒకసారి మా కొంప ముంచబోయింది.

మా అన్న సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేశాడు. విమానంలోంచి దూకడం వాడి ఉద్యోగం. మోకాలు దెబ్బతింటే ఇంటికి పంపేశారు. వచ్చినవాడు వచ్చినట్టు ముందుగదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెట్టింది తినేవాడు, అడిగినదానికి ఊ కొట్టేవాడు. బజారుకు వెళితే, "ఏరా, యుద్ధం అయిపోయిందా?" అని వేళాకోళం. కొన్నాళ్లకు బజారు కూడా మానేశాడు. అమ్మ వంటింట్లోంచి మాటిమాటికీ వచ్చి వాడిని చూసి వెళ్లేది. దేనికి చూస్తున్నావని నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

ఉన్నట్టుండి ఒకరోజు వాడు ఒక పెద్ద మూట తెచ్చాడు. సైన్యం పనికిరాదని వేలం వేసిన పారాచూట్ అట. మోకాలి నొప్పితోనే కింద కూర్చుని చిరుగులు కుట్టాడు, తాళ్లు సరిచేశాడు. విదేశాల్లో పట్నాల్లో పెద్ద పెద్ద మేడలెక్కి ఇలాంటివి కట్టుకుని దూకేవాళ్లున్నారని వాడికి దళంలో ఎవరో చెప్పారట. మా పేటలో మేడలెక్కడివి? సినిమా హాలు, కొత్తగా కట్టిన లాడ్జి. రెండింటినీ చూసి వచ్చి, "గొడుగు విచ్చుకునే లోపే నేలొస్తది" అని పెదవి విరిచాడు. వాడు గొడుగు అనేది పారాచూట్‌ని. చాలా రోజుల తరువాత వాడి నోట అంత పొడుగు మాట వచ్చిందని మేము సంబరపడ్డాం గానీ, ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించలేదు.

ఒక పొద్దున అన్న అరుగు దగ్గర ఆగాడు. "బాబాయ్, ఎత్తు మేడ మీంచి గొడుగు కట్టుకుని దూకితే కేసవుద్దా?"

పేపరు దిగలేదు. "దూకకూడదని యాడా రాయలేదురా. ఎవడి నెత్తినా పడకుండా ఉంటే చాలు."

పేపర్లో ఏదో విచిత్రం చదివి అడుగుతున్నాడనుకున్నారట. మర్నాడు పొద్దున్నే అన్న సైకిలు మీద మూట కట్టుకుని వెళ్లాడు. ఊరికి కాస్త దూరంలో ఎవరో ఫ్యాక్టరీ మొదలుపెట్టి సగంలో ఆపేశారు. దాని టవరు చాలా ఎత్తు, పట్నం మేడలు దాని ముందు దిగదుడుపే. అన్న దాని మీదకెక్కి, గొడుగును లాగి విప్పి తెగిపోయే సన్న తాడు ఒక కొస ఇనుప కమ్మీకి కట్టి, దూకాడు.

గొడుగు విచ్చుకుంది. గాలి మాత్రం వాడి మాట వినలేదు. రోడ్డు దాటించి, మిరపకాయలు ఎండబోసిన కళ్లంలో దింపింది. కాయలు ఏరుతున్న ఆడవాళ్లు, తెల్లటిదేదో మీద పడుతోందని కేకలు పెట్టి పారిపోయారు. ఎవరో పోయి, పనిలేక మనసు పాడైన మిలిట్రీ వాడు టవరు మీంచి దూకి చావబోయాడని ఠాణాలో చెప్పారు. ఎస్సై, పోలీసు జవాను వచ్చేసరికి అన్న ఆ మిరప దుమ్ములో గుడ్డ మడతపెడుతున్నాడు. "ఎందుకు దూకావు?" అంటే, "తప్పులేదని మా ప్లీడరు బాబాయి చెప్పాడు" అన్నాడు. ఆత్మహత్యాయత్నం కింద కేసు రాశారు.

కబురు వినగానే బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఠాణాకు పరిగెత్తారు. ఎస్సై నవ్వుతూ, "సలహా తమరిదేనంట గదండీ" అన్నాడట. "నాదే. అడిగినోడి మొహం చూడకుండా చెప్పా. అదే నేను చేసిన తప్పు" అన్నారట బాబాయి. అన్నను జామీను మీద విడిపించి ఇంటికి తీసుకొచ్చారు.

నేరం రుజువైతే పడే శిక్ష పెద్దదేం కాదు. కానీ వీడు చావాలనుకున్నాడు అని ఒక కోర్టు తీర్పు రాస్తే మా అమ్మ దాన్ని తట్టుకోలేదు. అప్పటికే సగం అయిపోయింది. కొడుకును అడగదు, అడగకుండా ఉండలేదు. బాబాయి ఆ సంగతి గుమ్మంలోనే పసిగట్టారు. అన్నను కూర్చోబెట్టి, అమ్మ వింటుండగానే అడిగారు.

"ఒరేయ్, సూటిగా చెప్పు. చావడానికి దూకావా, బతకడానికి దూకావా?"

అన్న మోకాలు నిమురుకుంటూ చెప్పాడు. "చావాలనుకుంటే గొడుగెందుకు బాబాయ్? నాకొచ్చింది ఆ పనొక్కటే. అది ఇంకా నా చేతుల్లో ఉందో పోయిందో చూసుకున్నా. అంతే."

బాబాయి గట్టిగా ఊపిరి వదిలారు. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వెనకే వెళ్లిన పిన్నితో, "వాడు నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నాడు" అందట. కొడుకు మాట మీద అమ్మకు నమ్మకం పోయింది. మాకొచ్చిన అసలు కష్టం అదే.

కేసు విచారణకు ముందు బాబాయి టవరు చూస్తానన్నారు. "చూడని జాగా గురించి నేను వాదించను" అన్నారు. చూశారు కూడా, మొదటి మలుపు దాకా. ఇనుప మెట్ల సందుల్లోంచి కింద నేల కనబడగానే అక్కడే కూలబడి కమ్మీ పట్టుకున్నారు. మా ఇంటి డాబా మీదకే ఎక్కని మనిషి ఆయన! అన్న ఒక్కొక్క వేలూ విడదీసి, ముందు తాను దిగుతూ, ఆయన పాదాలు పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతూ దించాడు. ఇంటికొచ్చాక కూడా ఆయన చెమట తుడుచుకుంటూ, "వదినా, ఒకటి మాత్రం తెలిసింది. చావాలనుకున్నోడికి ఇంత ఎక్కే ఓపిక ఉండదు" అన్నారు. అమ్మ నవ్వలేదు.

విచారణ రోజు కోర్టు హాలు నిండిపోయింది. పేటలో అంతకు ముందు గాలిలోంచి వచ్చిన ముద్దాయి లేడు మరి. ముందు జవాను బోనెక్కాడు. ముద్దాయిని పట్టుకున్నప్పుడు అతను బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నాడని, జీవితం మీద విరక్తితో ఉన్నాడని చెప్పాడు. కాగితం మీద కూడా అలాగే రాశాడు. నా పక్కన కూర్చున్న అమ్మ ముందుకు వంగింది. కొడుకు ఏడ్చాడన్న సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది.

బాబాయి లేచారు. "జవాను గారూ, ముద్దాయి ఏడుస్తున్నాడు. మరి మీరు?"

"నేనా అండీ?"

"మీ కళ్లల్లో నీళ్లు రాలేదా?"

జవాను ఎస్సై వైపు చూశాడు. "వచ్చినయ్యండీ."

"మీ ఎస్సై గారికి?"

"ఆయనకి చానా వచ్చినయ్యండీ. తుమ్ములు గూడా."

"మీ ఇద్దరికీ ఏం విరక్తి పుట్టిందయ్యా?"

"విరక్తి కాదండీ, మిరపకాయల ఘాటండీ!"

హాలంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు గారు కూడా రుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. ఆ నవ్వులు ఆగేలోపే బాబాయి రెండో మాట అందుకున్నారు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టేటప్పుడు మన కుర్రాళ్లు ఆకాశమంత ఎత్తున వెదుళ్ల మీద వేళ్లాడుతూ తాళ్లు బిగిస్తారు. వాళ్లకు గొడుగులు కూడా ఉండవు. వాళ్ల మీద ఈ కేసు ఎప్పుడైనా పెట్టామా? ప్రమాదం తెలిసి చేసే పనీ చావాలని చేసే పనీ ఒకటి కాదండీ అన్నారు.

అంతటితో ఆపేసి ఉండొచ్చు. ఆపలేదు. మా అమ్మను సాక్షిగా పిలిచారు. అమ్మ బోను చెక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"వదినా, ముందు రోజు మీ అబ్బాయి నీతో ఏమన్నా మాట్లాడాడా?"

"యాడ మాట్లాడతాడు? మాట్లాడితే ఇంకేం?"

"గుర్తు తెచ్చుకో. పడుకోబోయే ముందు?"

"మినప్పప్పు నానబెట్టమన్నాడు."

"ఎందుకు?"

"గారెలకి. రేపు మధ్యాన్నం వస్తా, వేడివేడిగా తింటా అన్నాడు. నేను నానబెట్టా. రుబ్బుతా ఉన్నా, కబురొచ్చింది. ఆ పిండి అట్టాగే రోట్లో పులిసిపోయింది…"

అమ్మ బాబాయి వైపు చూడలేదు, మేజిస్ట్రేటు వైపూ చూడలేదు. బోనులోంచి తిరిగి అన్నను చూసింది. చూస్తూనే, "పప్పు నానబెట్టమని చెప్పి చావబోతాడా అయ్యా ఎవడన్నా!" అంది. అది సాక్ష్యం చెప్పినట్టు లేదు. కొడుకును కేకలేసినట్టుంది. వెంటనే భోరుమంది. అన్న లేచి నిలబడిపోయాడు. కూర్చోమని వాడికి ఎవరూ చెప్పలేదు.

కేసు కొట్టేశారు. వరండాలో అన్న సంబరంగా, "అయితే దూకొచ్చన్నమాటేగా బాబాయ్?" అన్నాడు. బాబాయి వాడి చెవి పట్టుకున్నారు. "దూకొచ్చని కాదురా తీర్పు. చావబోలేదని తీర్పు. చట్టం నోరు మెదపని కాడ మనిషి తన బుద్ధినడగాల. ఇంకోసారి దూకితే నా అరుగు ఎక్కమాక." అన్న మళ్లీ దూకలేదు. ఇప్పుడు వాడు మున్సిపల్ బడిలో డ్రిల్లు మాస్టరు. ఆ గుడ్డ మా పెరట్లో మిరపకాయల మీద కప్పుకుంటున్నాం.

తరువాత ఒకరోజు బాబాయిని అడిగాను. జవాను మాటతోనే కేసు తేలిపోయింది కదా, అమ్మను బోనెక్కించి ఎందుకు ఏడిపించారు అని. ఆయన నా వైపు తిరిగి, "ఆ సాక్ష్యం మేజిస్ట్రేటుకి కాదే పిచ్చిదానా. మీ అమ్మకి" అన్నారు.

గారెల మాట ఆయనకు ఎలా తెలుసని అడిగితే, మధ్య గోడలోంచి వినబడిందన్నారు. రేపు నాకూ రెండు వస్తాయని ఆశపడ్డానే అన్నారు.

అప్పటి నుంచి అరుగు మీద ఒక మార్పు వచ్చింది. ఎవరేం అడిగినా పేపరు మడిచి ఒళ్లో పెట్టుకునేవారు. అడిగినవాడి ముఖంలోకి చూసి, "ఎందుకడుగుతున్నావురా?" అనేవారు. మేక గురించి అడిగినా అదే, పొలం గెట్టు గురించి అడిగినా అదే. కొందరికి విసుగు వచ్చేది. ఇంకొందరు అడగవలసిన ప్రశ్న మరిచిపోయి, అరుగు మీద కూలబడి తమ గోడు చెప్పుకునేవాళ్లు. కోర్టుకు ఆలస్యమవుతోందని పిన్ని లోపలినుంచి అరిచేది. ఆ పేపరు ఆయన ఏనాడూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. పేటలో చాలా ఇళ్లల్లో జరగవలసిన ఘోరాలు కొన్ని జరగకుండా పోయాయని నా నమ్మకం. రుజువు అడిగితే నా దగ్గర లేదు.

పోయే ముందు ఆదివారం నేను పేటలోనే ఉన్నాను. అన్న ఆయన్ని పట్టుకుని దిండ్లకు ఆనించి కూర్చోబెడుతున్నాడు. బాబాయి వాడి ముంజేయి వదల్లేదు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అడిగారు.

"ఒరేయ్… నీ కేసు వాదించా గానీ, అసలు సంగతి అడగనే లేదు. కాలు వదిలేశాక… ఎట్టుంటదిరా?"

అన్న మంచం అంచున కూర్చున్నాడు. "ముందు కడుపులో ఏం లేనట్టు అవుద్ది బాబాయ్. గాలి చెవులు మూసేస్తది. అప్పుడు చానా భయం. అంతలో భుజాల కాడ ఒక్క గుంజు గుంజుద్ది. ఇంక అంతా నిమ్మళం. ఊరు మొత్తం కనపడుద్ది. కింద ఎవరో పిల్లోణ్ణి అన్నానికి పిలిచేది గూడా ఇనపడుద్ది."

"ఆ గుంజేదాకానే భయమన్నమాట."

"అంతే బాబాయ్."

ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రపట్టిందేమో అనుకున్నాం.

"గుంజుద్దిగా?"

"గుంజుద్ది బాబాయ్" అన్నాడు అన్న. ముంజేయి మీద ఆయన వేళ్లు మెల్లగా వదులయ్యాయి.