మడికి పనికిరాని మందు

రత్నమాలగారి కన్నుగప్పి మా ఆఫీసులో ఒక్క తప్పు బయటికి పోదు. నానక్‌రామ్‌గూడలో మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్‌కి ఆవిడే లీడ్. "ఒకేసారి రెండు మార్చకు. ఏది చెడగొట్టిందో తెలిసి చావదు," అని నాకు మొదటి రోజే నేర్పింది.

అలాంటి మనిషి యాభై రెండో ఏట క్లయింట్ కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. ఒళ్లంతా ఆవిర్లు, మెడమీంచి చెమట ధారలు. చెప్పాల్సిన మాట నోటికి రాలేదు. ఆ నెలలో అది మూడోసారి. మేనేజర్ రవికిరణ్ నన్ను పక్కకి పిలిచి, "వచ్చే రిలీజ్ నువ్వు నడుపు, యశస్వినీ. మేడమ్ రెస్ట్ తీసుకుంటారు," అన్నాడు. రెస్టట! ఆవిడని అడిగారా అంటే ఫోన్ తీసి చూసుకోసాగాడు. నాకు ఒళ్లు మండి, తిన్నగా వెళ్లి ఆవిడకే చెప్పేశాను.

"రిలీజ్‌కి ఇంకా రెండు నెలలుంది కదా. అప్పటిదాకా ఆగమను," అంది.

ముట్లు ఆగిపోయాక మొదలైన ఈ బాధకి ఆవిడ అప్పటికే హార్మోన్ మందు వాడుతోంది. పొద్దున చేతికి రాసుకునే జెల్, పంపు సీసాలోంచి రెండు నొక్కులు; పడుకునేముందు ఒక మాత్ర. మూడు నెలలైనా గుణం లేదు. నొక్కులు మూడు చేద్దామంది డాక్టరమ్మ.

"రెండు ఎందుకు పనిచెయ్యలేదో తెలీకుండా మూడెందుకండీ?" అని రత్నమాలగారు అడ్డం తిరిగింది.

"అయితే ఎలా రాసుకుంటున్నారో చెప్పండి."

లేవగానే రాసుకోవడం, ఆరగానే స్నానం. డాక్టరమ్మ తల పట్టుకుంది. "మందంతా నీళ్లలో పోతోందండీ! రాసుకున్నాక గంటసేపైనా తడి తగలకూడదు."

స్నానానికి ముందే ఎందుకంటే, ఆ జెల్‌లో స్పిరిట్ ఉంటుంది. కూకట్‌పల్లిలో వాళ్లింట్లోనే ఉండే అత్తగారు శేషమాంబగారు ఆ వాసనతో దేవుడి గదిలోకీ వంటింట్లోకీ రానివ్వదు. పూజ, నైవేద్యం, వంట అయ్యేసరికి కింద క్యాబ్ వచ్చేస్తుంది. లోకం తప్పులన్నీ పట్టే మనిషి తన ఇంట్లో మడిని మాత్రం ఒక్కసారీ పరీక్షించలేదు! ఇదంతా విన్నాక రత్నమాలగారి మీద కూడా నాకు కోపమొచ్చింది.

మర్నాడు రత్నమాలగారు స్నానం చేసి, జెల్ రాసుకుని, ఆరాక దీపం వెలిగించబోయింది.

"సారా కంపుతో దేవుడి ముందుకా?" అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీకు కంపైతే దూరంగా ఉండండత్తయ్యా. దేవుడికి కంపైతే ఆయనే చెబుతాడు."

అత్తగారు అలిగి ఆ పూట అన్నం ముట్టలేదు. ఈవిడ మారు వడ్డించుకుని మరీ తిని క్యాబెక్కింది.

అవే రెండు నొక్కులు. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది, ఆవిర్లు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు. రిలీజ్ మీటింగ్‌లో రవికిరణ్, "ఈసారి యశస్విని..." అని మొదలుపెట్టగానే ఆవిడ లేచింది. ఖర్మకొద్దీ అప్పుడే నుదుట చెమట పట్టింది. పదిహేనుమంది చూస్తున్నారు.

ఆవిడ కొంగుతో తుడుచుకుంది. "నాకు మెనోపాజ్, రవీ. మందు వాడుతున్నాను, కుదురుకుంటోంది. చెమట పడితే తుడుచుకుంటాను. మాట తట్టకపోతే నిమిషం ఆగండి. రిలీజ్ మాత్రం నాది."

రవికిరణ్ నావైపు చూశాడు.

"నన్ను చూస్తారేంటండీ?" అన్నాను. "చెప్పేది ఆవిడ కదా. రిలీజ్ ఆవిడదని రాసుకోండి."