చెప్పులు విడిచి ఎక్కిన పడవ

సుభద్ర చెయ్యి విరగకపోతే మేం సముద్రానికి వెళ్ళేవాళ్ళమే కాదు. తునిలో మా కిరాణా కొట్టు వెనక మెట్ల మీద జారిపడితే మా ఆవిడ కుడిచేతికి సిమెంటు కట్టు వేశారు. కట్టు విప్పి రెండు నెలలైనా ఆ చేతిని కొంగులో దాచుకునే తిరిగేది. ఎముక అతుక్కుంది, ఇక పని చెప్పమంటారు డాక్టరుగారు. గరిటె పట్టుకోమంటే నొప్పంటుంది ఈవిడ. ఆ చెయ్యి ఇక పనికిరాకుండా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. గోదావరి లంకలో పుట్టిన మనిషి, పెళ్ళికి ముందు ఒక్కతే పడవ వేసుకుని పాయ దాటేదట. నీళ్ళు చూస్తే హుషారొస్తుందని ఒక ఆదివారం కొట్టు మూసి బయల్దేరదీశాను.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కితే పిఠాపురం మీదుగా రెండు గంటల్లో కాకినాడ చేరతాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, రిక్షాలో జాలర్ల రేవుకు వెళ్ళాం. అక్కడ సముద్రానికి అడ్డంగా పొడవాటి ఇసుక దీవి ఉండడంతో లోపలి నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. ఒడ్డు వెంట మడ అడవి. వేటకు వెళ్ళని రోజున జాలర్లు చిన్న పడవలు అద్దెకిస్తారు. నూకరాజు అనే ఆయన పూటకు పదిహేను రూపాయలన్నాడు. కొట్టువాణ్ణి కదా, బేరమాడకపోతే నాకు తిన్నది అరగదు. పన్నెండుకు ఒప్పించి, ఆ ఊపులో చెప్పులతోనే పడవలో కాలు పెట్టాను.

నూకరాజు చేతిలో తెడ్డు ఒడ్డున పడేశాడు. "దిగండి బాబూ. ఈ పూట పడవ కదలదండి."

"ఏమైందయ్యా?"

పక్కనే వల బాగుచేసుకుంటున్న ఆయన భార్య పోలమ్మ తలెత్తింది. "మాకు అన్నం పెట్టే తల్లండి అది. చెప్పుకాలు పెట్టేశారేంటండీ? కడిగి బొట్టెడితేగానీ కదపకూడదండి."

నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు ఎక్కువిస్తానన్నాను. నూకరాజు మొహం తిప్పుకున్నాడు. ఇంత దూరం వచ్చి అంతా పాడుచేశానని నన్ను నేనే తిట్టుకుంటూ నిలబడ్డాను.

సుభద్ర తన చెప్పులు విడిచింది. "మా ఊళ్ళోనూ ఇంతేనమ్మా. ఈయనకు తెలీదు. ఆ చెంబు ఇలా ఇవ్వు, నేను కడుగుతాను," అంది.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ముంచి పోయసాగింది. ఎడమచెయ్యి పడవ అంచు మీద ఉంది. చెంబు కుడిచేతిలో ఉంది. చూసి కూడా నేను నోరు మెదపలేదు. ఆ మాటంటే మళ్ళీ కొంగులో దాచేస్తుందని నా భయం. పోలమ్మ తెచ్చిన పసుపూ కుంకుమా పడవ ముక్కుకు పెట్టి దండం పెట్టుకున్నాక, తన చేతిని తనే చూసుకుంది.

"నొప్పుందా?" అన్నాను.

"ఉందండి. ఉంటే ఉండనివ్వండి."

ఈసారి నేనూ చెప్పులు ఒడ్డున విడిచి ఎక్కాను. నూకరాజు వెనక కూర్చుని తెడ్డు ఆమెకే అందించాడు. మడచెట్ల నీడన కాస్త దూరం తనే వేసింది. మధ్యలో ఆగి చెయ్యి విదిలించుకుంది గానీ, నేను అడిగితే తెడ్డు ఇవ్వలేదు. "మీరు కదలకుండా కూర్చోండి, పడవ ఊగుతోంది," అని నన్నే కసిరింది. ఆ కసురు విని ఎన్నాళ్ళయిందో. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

చెయ్యి పూర్తిగా బాగుపడిందని అనను. బిందె ఎత్తడానికి ఇంకా టైము పడుతుంది. అయినా ఆ పూట తర్వాత నా భయం చాలావరకు పోయింది. మీరు వెళ్ళదలిస్తే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. చెప్పులు మాత్రం ఒడ్డునే విడవండి. మేం తిరిగొచ్చాక నావి ఇసుకలో కనబడక వెతుకుతుంటే, సుభద్ర అప్పటికే రిక్షా వైపు నడుస్తోంది.

"ఇవి మీ కాళ్ళకుంటే ఇంకెవరి పడవ కడగాలో," అంది వెనక్కి తిరిగి. రెండు జతలూ ఆమె కుడిచేతిలో ఉన్నాయి.