పాతరలో ఆరిన దీపం

మా అక్క ఓబులమ్మను గురించి అడగడానికి ఈ ఇంటికి ఎంతమంది వచ్చారో చెప్పలేను గానీ, నన్ను గురించి అడగడానికి మాత్రం ఇంతవరకు ఒక్కరూ రాలేదు. వచ్చినవాళ్లకు మంచం వాల్చింది నేను, మజ్జిగ ఇచ్చింది నేను, అక్క ఇప్పుడు వేంపల్లెలో కొడుకు దగ్గర ఉంటోందని చెప్పి బస్సు ఎక్కించింది నేను. పోయిన నెల మా మనవడు వంటిల్లు పెంచుదామని దొడ్లో పునాది తవ్విస్తుంటే, గునపం కింద నేల గుల్లగా మోగి మా నాయన కాలపు జొన్నల పాతర నోరు తెరుచుకుంది. లోపలినుంచి పుల్లగా ముక్కిపోయిన వాసన పైకొచ్చింది. కూలివాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను ఒంగి లోపలికి చూశాను. ఇక ఎవరో వచ్చి అడిగేదాకా కాచుకోదలుచుకోలేదు.

ఇప్పటి పిల్లలకు పాతర తెలియదు. కోయిలకుంట్ల దాపున మా ఊళ్లో జొన్నలు బాగా పండిన ఏడు, దొడ్లో నిలువున్నర లోతు గుంత తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజలు పోసి, పైన బండ వేసి మట్టి మెత్తేవాళ్లు. దాన్ని తెరవడానికొక పద్ధతి ఉంది. బండ తీయగానే దిగకూడదు, లోపల గాలి చెడి ఉంటుంది. ఒక పూట అలా వదిలేసి, తాడుకు దీపపు బుడ్డి కట్టి దించాలి. దీపం అడుగుదాకా వెలుగుతూ పోతే మనిషి నడుముకు తాడు కట్టుకుని దిగొచ్చు, ఆరిపోతే ఇంకా ఆగాలి. దిగే మనిషి సన్నగా ఉండాలి. ఎనిమిదో ఏటినుంచి మా ఇంట్లో ఆ మనిషిని నేనే. అక్కకు పాతరంటే భయం. ఆమెను గురించి రాసినవాళ్లెవరూ ఈ సంగతి రాయలేదు.

మా పక్కిల్లు దూదేకులవాళ్లది. వాళ్ల ఖాసింబీ అక్కకన్నా ఒక ఏడు చిన్న, నాకన్నా మూడేళ్లు పెద్ద. ఉగాదికి మా అమ్మ బక్షాలు కాల్చి నేతిలో ముంచితే మొదటిది ఖాసింబీకి పోయేది. పీర్ల పండక్కి వాళ్లమ్మ రొట్టె, బెల్లం నలిపి మలీద ముద్దలు పంపితే పెద్ద ముద్ద అక్కకు, గిన్నె అంచున రాలిన పొడి నాకు. వేసవి మధ్యాహ్నాల్లో వసారాలో చింతగింజలు పోసుకుని వామనగుంటలు ఆడేవాళ్లు. నేను కూర్చోబోతే ఇది ఇద్దరాడే ఆట అనేవాళ్లు, ఆ ఇద్దరూ ఎప్పుడూ వాళ్లే. చలికాలం పొద్దున అనపకాయలు ఉడికే పొయ్యి ముందు ఒకే దుప్పటి కప్పుకుని ఏవేవో గుసగుసలాడుతుంటే, నేను దుప్పటి అంచు పట్టుకుని లాగుతూ ఉండేదాన్ని.

తెల్లదొరలు పెద్ద నాయకులందరినీ జైళ్లలో పెట్టిన ఏడు, మా బడి ఐవారు ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని నల్లమల చేరాడు. తంతి తీగలు కోయడం, రైలు పట్టాల బోల్టులు ఊడదీయడం వాళ్ల పని. దారిలో మగవాళ్లను నిలబెట్టి సోదా చేస్తున్నారు గానీ, పసుపుగుడ్డలో ముడుపు కట్టుకుని అహోబిలం మొక్కు తీర్చడానికి పోయే ఆడవాళ్లను ఎవరూ ఆపడం లేదు. అందుకని ఐవారు ఆడపిల్లలు కావాలన్నాడు. అక్క సిద్ధమైంది. నేనూ మూట కట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. అక్క నా మూటకేసి చూడనైనా చూడకుండా ఖాసింబీ నుదుట బొట్టు పెట్టి, కాళ్లకు పసుపు పూసింది.

“ఇంగ నీ పేరు నరసమ్మ. ఎవురన్నా అడిగితే తడుముకోవద్దు.”

“తడుముకునేదేముందక్కా? మా తురకల పిల్లను చేసుకున్న కడప రాయుడు మా ఇంటల్లుడు. ఈ అహోబిలం సామి ఆయన తట్టోడే గదా, నాకూ వరసే!”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. “మరి నేనో?” అన్నాను.

“నువ్వు యాడికొస్తావే, ఈడ్నే ఉండు. నీ నోరు నిలవదు,” అంది అక్క.

ఆ మాట నేటికీ మరువలేదు.

నెలకో రెండు నెలలకో ఇద్దరూ వచ్చి పోయేవాళ్లు. బండల మీద పడుకున్నామని, చెంచువాళ్లు తేనె పెట్టారని, మగవాళ్ల పంచెలు గోచిపెట్టి కట్టుకున్నామని, నెలసరి రోజుల్లో గుడ్డలు ఉతుక్కోవడానికి వాగులో నీళ్లు లేక ఎండుటాకులు వాడామని ఖాసింబీ చెబుతుంటే, మా అమ్మ కళ్లు తుడుచుకునేది. నాకు జాలి కలగలేదు, కడుపు మండేది. అక్క రవిక జరిపి, తుపాకి పేల్చినప్పుడు భుజాన కమిలిన మచ్చ చూపించింది. నల్లగా, నేరేడు పండంత ఉంది. ఆ సాయంత్రం నేను తలుపు దారబందానికి నా భుజం వేసి ఎన్నిసార్లు కొట్టుకున్నానో! ఎర్రబడింది గానీ నల్లబడలేదు.

శివరాత్రి ముందు ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఆయాసపడుతూ వచ్చారు. సగం ఖాళీ అయిన పాతరలో మా నాయన గోనెపట్టాలో చుట్టి దాచిన రెండు నాటుతుపాకులు అప్పటికప్పుడే కావాలి. పొద్దు మునిగేలోగా అవి అడవి చేరకపోతే మనుషులు దొరికిపోతారు. అమ్మానాయనలు జొన్నకోతకు పోయారు. ముగ్గురం కలిసి బండ జరిపాం. అక్క వీధి చూడటానికి దొడ్డివాకిలి దగ్గరకు పోయింది. నేను దీపం దించాను.

“నన్నూ తీసకపోతామంటేనే దిగుతా,” అన్నాను.

“తుపాకులకాడ బేరమేందే?” అని అక్క అక్కడినుంచే కసిరింది.

అంతలో సగం లోతులోనే దీపం ఆరింది. పైకి లాగేసరికి వత్తి పొగ చిమ్ముతోంది. ఖాసింబీ చూడలేదు, తాడు సర్దుకుంటోంది.

“పిల్లకు భయమైనట్టుండాదక్కా. జరుగుమే, నేనే దిగుతా. కొండలు దిగినదాన్ని, ఈ గుంత దిగలేనా?”

భయం! నాకు! నేను బుడ్డిని వీపు వెనక్కు పెట్టుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు నిలవదని పేరు పడ్డ నేను ఆ ఒక్క క్షణం నోరు మూసుకున్నాను. ఖాసింబీ నడుముకు తాడు కట్టుకోకుండా, చేత్తో పట్టుకునే జారింది. గింజల మీద బస్తా పడ్డట్టు చప్పుడైంది.

అక్క పరుగెత్తుకొచ్చి పాతర అంచున ఆగిపోయింది. నేను నడుముకు తాడు బిగించుకుని, రెండో తాడు చేతబట్టి, ఊపిరి బిగబట్టి దిగాను. ఖాసింబీ చంకల కింద రెండో తాడు ముడివేసి, నా తాడు ఊపాను. అక్క నన్ను లాగింది, ఇద్దరం కలిసి ఆమెను లాగాం. నీళ్లు చల్లితే చాలాసేపటికి కళ్లు తెరిచింది. అప్పుడు అక్క నేలమీద పడి ఉన్న బుడ్డిని తీసి వత్తి తడిమి చూసింది.

“ఎప్పుడారిందే ఇది?”

నేను లేచి పోయి దుప్పటి తడిపి తెచ్చాను. తడి దుప్పటి పాతరలోకి దించి, ఎత్తి, గాలి ఆడేలా చేశాను. మళ్లీ దీపం పెట్టాను, అడుగుదాకా వెలిగింది. దిగి తుపాకులు తెచ్చింది నేనే. వాటిని జొన్నచొప్ప మోపుల్లో దూర్చుకుని, పొద్దు వాలకముందే ఇద్దరూ వెళ్లిపోయారు. నా వంక చూడలేదు.

తర్వాత వాళ్లు పట్టుబడటం, రాయవేలూరు జైలు, వచ్చాక దండలు, అన్నీ అందరికీ తెలిసినవే. ఇప్పుడు బడి ముందు రాతి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఊళ్లో పాతర్లు లేవు, జొన్నలు వేసేవాళ్లు లేరు, ఖాసింబీ చనిపోయి చాలా ఏళ్లయింది, ఆ దూదేకుల ఇంటి జాగాలో ఎరువుల అంగడి ఉంది. ఆ మధ్యాహ్నం గురించి ఎవరడిగినా అక్క, “ఖాసింబీ పాతరలో దిగింది, తుపాకులు వచ్చాయి,” అని ఊరుకుంటుంది. నా పేరు ఎత్తదు. మూడు ఉత్తరాలు రాశాను. శెనక్కాయ పంట గురించి, మనవరాలి చదువు గురించి బదులు వచ్చింది.

అక్కా, ఇది అచ్చులో పడుతోంది కాబట్టి చదవలేదనడానికి లేదు. ఆ రోజు నువ్వు అడిగినదానికి ఇప్పుడు చెబుతున్నాను: ఖాసింబీ దిగకముందే దీపం ఆరింది, నేను చూశాను. ఇక నేను అడిగేది నువ్వు చెప్పు. ఇన్నేళ్లూ నా పేరు ఎత్తకుండా నన్ను కాపాడుతున్నావా, శిక్షిస్తున్నావా? ఉత్తరంలో శెనక్కాయల సంగతి వద్దు. ఈ ఒక్క మాట రాయి.