అలిగి వెళ్ళడానికో ఇల్లు

ఈజిప్టులోని దమియెట్టాలో భార్య అలిగితే పుట్టింటికి వెళ్తుంది. మొగుడు మిఠాయి పొట్లం పట్టుకుని వస్తాడు. మామగారు నాలుగు చీవాట్లు పెడతాడు, అల్లుడు తలొంచుకుని టీ తాగి, భార్య తల మీద ముద్దు పెట్టి ఇంటికి తీసుకెళ్తాడు. పడుచు జంటలకు ఇదంతా బాగానే ఉంటుంది. అరవై దాటిన ఆడది అలిగితే ఎక్కడికి వెళ్ళాలి? అమ్మానాన్నలు పోయారు, ఇల్లు చేతులు మారింది. అలగడానికైనా చోటులేని వయసది.

అలాంటివాళ్ళ కోసమే తహానీ తన ఇంట్లో వెనకగది ఉంచింది. ఇరవయ్యారేళ్ళు కుటుంబ న్యాయస్థానంలో భార్యాభర్తలకు రాజీ కుదిర్చే ఉద్యోగం చేసి రిటైరైంది. అక్కడికి వచ్చేదంతా కుర్రకారే. ముసలివాళ్ళు ఆ గుమ్మం తొక్కడానికి సిగ్గుపడి ఈమె తలుపు తడతారు. తహానీ నీతులు చెప్పదు. వచ్చినామెకు వేడిగా అన్నం పెడుతుంది, మంచం చూపిస్తుంది, మొగుడొస్తే మామగారి వంతు చీవాట్లు తనే పెడుతుంది. ఒక్కటే నియమం: మొగుడికి కబురు పంపదు. తన ఇల్లు తెలియని ముసలాడు ఊళ్ళో లేడని ఆమె ధీమా. రావలసినవాడు తనంతట తనే రావాలి. ఈ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. ముప్పై రెండో ఏట తనూ పుట్టింట్లో పదకొండు నెలలు వీధి తలుపు వంక చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు.

బుధవారం సాయంత్రం ఇన్షిరాహ్ సంచీతో వచ్చింది. అరవయ్యేడేళ్ళ మనిషి. మొగుడు ఫిక్రీ కుర్చీలకు నగిషీ చెక్కే వడ్రంగి, కిందటేడే పని మానేసి ఇంటిపట్టున కూర్చున్నాడు.

"కూర్చుంటే బావుణ్ణు అక్కా! నా వంటింట్లో పడ్డాడు. ఉప్పు డబ్బా ఎక్కడుండాలో నాకు చెప్తాడు. నిన్న నేను బజారుకెళ్ళొచ్చేసరికి, నలభై ఏళ్ళుగా ఆకుకూర తరుక్కుంటున్న బల్ల కాళ్ళు జానెడు కోసేశాడు. ఎందుకయ్యా అంటే నోరు విప్పడు. నా బల్ల కొయ్యడానికి నన్నడగక్కర్లేదా?"

"వస్తాడులే."

"శనివారం దాకా చూస్తా. రాకపోతే శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం కోర్టు తెరవగానే వెళ్ళి విడాకులకి రాసిస్తా. నవ్వేవాళ్ళు నవ్వనీ."

గురువారం రాలేదు. శుక్రవారం ఇన్షిరాహ్ మంచి గౌను తొడుక్కుని కూర్చుంది. రాలేదు. శనివారం పొద్దున్నే పెళ్ళి కాగితం, గుర్తింపు కార్డు చేతిసంచీలో సర్దుకుంది. అది చూసి తహానీకి తన పుట్టింటి వీధి తలుపు గుర్తొచ్చింది. ఆ పదకొండు నెలల్లో తను ఒక్కసారైనా గడప దాటి వెళ్ళి చూడలేదు. కూరగాయలకని చెప్పి బయటపడింది.

ఫిక్రీ ఇంటికి తాళం వేసి ఉంది.

"మూడ్రోజులుగా పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని, మిఠాయి పట్టుకుని పోతున్నాడమ్మా," అంది పక్కింటామె. "ఎక్కడికయ్యా అంటే మామగారింటికంటాడు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది. మతిగానీ పోయిందేమో!"

నైలు ఒడ్డు సందులో ఇన్షిరాహ్ పుట్టిల్లు ఇప్పుడు ఆషూర్ ఇస్త్రీ కొట్టు. దాని ముందు స్టూలు మీద ఫిక్రీ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాకం కారుతున్న ముషబ్బక్ మిఠాయి పొట్లం.

"మీ మామగారు లేరని తెలీదా మేస్త్రీ?"

"తెలుసమ్మా. ఆయన్ని మోసిన నలుగురిలో నేనొకణ్ణి." ఫిక్రీ ఆమె మొహంలోకి చూడలేదు. "అలిగితే పుట్టింటికేగా వస్తుంది? ఇంకెక్కడికి వెళ్తుందో నాకేం తెలుసు? పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళా. ఆలస్యంగా వచ్చానని ఆయన తిట్టాడు. అందుకే ఈసారి ముందే వచ్చి కూర్చున్నా."

"మొదటిరోజు 'ఇన్షిరాహ్ ఉందా' అంటే, ఎవరి బట్టలో అనుకుని మూటలన్నీ వెతికా అక్కా!" అన్నాడు ఆషూర్.

"బల్లెందుకు కోశావయ్యా?"

"చెయ్యెత్తినప్పుడల్లా మూలుగుతోంది. బల్ల కిందికొస్తే భుజానికి హాయి కదా."

"ఆ ముక్క ఆమెతో అనొచ్చుగా?"

"అంటే నొప్పే లేదంటుంది. నాకు అరిగిన కీలు తెలీదా అమ్మా?"

తిట్టడానికి తహానీ దారిపొడవునా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కళ్ళు తుడుచుకుని, కదలొద్దని అతనికి చెప్పి ఇంటికి పరిగెత్తినంత పని చేసింది.

ఇన్షిరాహ్ అంతా విని భుజం తడుముకుంది.

"ఇక్కడికి పిలుచుకురానా?"

"వద్దక్కా. మనిషి మూడ్రోజులు కాపలా కాసింది అక్కడ." చేతిసంచీ పక్కన పెట్టి లేచింది. "నేనే పుట్టింటికి వెళ్తా. అక్కణ్ణుంచే తీసుకెళ్ళనీ."

ఇస్త్రీ కొట్టు వెనక పెరటి తలుపులోంచి ఆమెను లోపలికి పంపి, తహానీ ఆషూర్ చెవిలో నాలుగు మాటలు వేసింది. ఫిక్రీ కంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడైన ఆషూర్ ఇస్త్రీపెట్టె దించి నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లోకొచ్చాడు.

"ఏవయ్యా అల్లుడూ! మా పిల్లని ఇంత ఏడిపిస్తావా? మేమంతా చచ్చామనుకున్నావా?"

ఫిక్రీ మొదట తెల్లబోయాడు. లోపల గాజులు గలగలమన్నాయి. అతనికి అర్థమైంది. లేచి నిలబడి తల దించుకున్నాడు. ఆషూర్ తిట్టీ తిట్టీ నవ్వాపుకోలేక ఆగిపోయాడు.

"ఇంకాస్త తిట్టు నాయనా," అన్నాడు ఫిక్రీ తలెత్తకుండానే. "ఆయనైతే ఇంతటితో వదిలేవాడు కాదు."

వేలాడే చొక్కాలను తప్పించుకుంటూ ఇన్షిరాహ్ బయటికొచ్చింది. అతను ఆమె తల మీద ముద్దు పెట్టాడు.

"భుజం నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"ఉంది," అంది ఇన్షిరాహ్. "చాలా రోజుల్నుంచి ఉంది."