ఈశాన్యంలో గంధకం

గాలిలో గంధకపు పొగ ఎక్కడెంత ఉందో ఉపగ్రహం పంపే కొలతల్లో వెతకడం నా పరిశోధన. అశోక్‌నగర్‌లో కిరాయికి దిగిన రోజే ఈ మాట ఇంటి ఓనరు ఆంటీకి చెప్పాను. ఆవిడ చెవికెక్కింది ‘గ్రహం’ ఒక్కటే. వారం తిరక్కుండానే చిక్కడపల్లి మార్కెట్ దాకా నేను ‘గ్రహాలు చూసే సారు’నైపోయాను. కాదు మొర్రో అని మొత్తుకుంటే, “నీకు సిగ్గెక్కువ బిడ్డా” అనేది.

రాష్ట్రం ఇంకా రెండు కాని రోజులు. ఎండాకాలం, కరెంటు కోతలు. పక్క బిల్డింగులో గ్రూప్స్ కోచింగ్ సెంటరు. ఫ్యాన్లు ఆగితే కాబోయే ఆఫీసర్లు వాడిపోతారని, డైరెక్టరు గారు పాత డీజిల్ జనరేటరొకటి తెచ్చి సరిగ్గా ఆంటీ పడకగది కిటికీ కింద పెట్టించారు. ఆంటీకి ఉబ్బసం. జనరేటరు మొదలైతే చాలు, మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకునేది. చూస్తుంటే నాకు భయమూ కోపమూ రెండూ వచ్చేవి.

“నీ ఉపగ్రహానికి అన్నీ కనిపిస్తయి గదా, వచ్చి చెప్పు” అని నన్ను డైరెక్టరు గారి దగ్గరికి సాక్ష్యానికి లాక్కెళ్ళింది.

లాప్‌టాప్ తెరిచాను. బొగ్గుతో కరెంటు తీసే చోట్ల పటం ఎర్రగా ఉంది. హైదరాబాదు మీద మాత్రం నిర్మలంగా నీలం.

“పొగ ఏదండీ మరి?” అన్నారు డైరెక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని.

పటంలో ఒక్క గడిలోనే నారాయణగూడ, బషీర్‌బాగ్, అడిక్‌మెట్ అన్నీ కలిసిపోతాయనీ, ఒక జనరేటరు దాని కంటికి ఆనదనీ చెప్పాను. ఆయన విన్నది ‘ఆనదు’ ఒక్కటే. ఫోన్లో ఫొటో తీసుకున్నారు. మర్నాటికి ఆ పటం రంగుల్లో ప్రింటై ర్యాంకర్ల ఫొటోల పక్కన వేలాడింది. ఆ ర్యాంకర్లు కూడా వీధిలోని ప్రతి సెంటరు గోడ మీదా ఉండేవాళ్ళే. కింద రాయించారు: ‘మా గాలి శుభ్రం, ఉపగ్రహమే సాక్షి.’ నా ఏళ్ళ తరబడి చదువు ఒక జనరేటరుకు కాండక్ట్ సర్టిఫికెట్‌గా పనికొచ్చింది.

ఆంటీ నాతో మాట్లాడటం మానేసింది. ఓ సాయంత్రం డైరెక్టరు గారే ఆయాసపడుతూ మా మెట్లెక్కారు.

“ఈశాన్యంలో జనరేటరు పెట్టి అగ్గి రాజేయబట్టే మాకు రిజల్ట్స్ రావట్లేదని మీరన్నారట! నిజమేనాండీ?”

ఆయన వెనక గుమ్మంలో ఆంటీ, చేతిలో ఇన్‌హేలరుతో, నన్నే గుడ్లురిమి చూస్తోంది. గంధకం, గడి, కొలత అన్నీ గుటుక్కున మింగేశాను.

“అగ్ని ఉండాల్సింది ఆగ్నేయంలో కదండీ” అన్నాను.

మర్నాడు పొద్దున్నే జనరేటరు అవతలి మూలకి, స్కూటర్ల షెడ్డు పక్కకి వెళ్ళిపోయింది. మనిషి ఊపిరాడక అల్లాడుతుంటే కదలనిది వాస్తు అనగానే కదిలింది.

తర్వాత కొత్త కొలతలు వచ్చాయి. ఆంటీ చాయ్ తెచ్చి తెరలోకి తొంగి చూసింది.

“ఇప్పుడేమంటున్నది నీ ఉపగ్రహం?”

“అప్పుడూ నీలమే, ఇప్పుడూ నీలమే ఆంటీ.”

“గట్లనా? అయితే జర దాని కండ్లు డాక్టరుకు చూపియ్యి” అని పగలబడి నవ్వింది. నవ్వంతా అయ్యేదాకా ఒక్క దగ్గు కూడా రాలేదు.